వెళ్లొస్తామన్న కింగ్స్‌వుడ్

విష్ణువర్ధన్ అంకుల్! అంకుల్! దిగకండి, ఆ తలుపు అలా లాగితే హ్యాండిల్ చేతికొచ్చేస్తుంది!

అబ్బ, ఏంటండీ ఆ కంగారు? ఒకసారి స్టార్ట్ అవకపోతే కొంప మునిగిందా? డెబ్బై నాలుగు మోడల్ కింగ్స్‌వుడ్ కారిది. దానికీ కాసేపు అలక ఉండదూ? సంజయ్ పక్కింటికి వెళ్లాడుగా, బ్యాటరీ వైర్ల కోసం. వచ్చేస్తాడు. ఈలోపు చెగోడీలు తినండి. డబ్బా ఒళ్లో పెట్టుకోండి, పర్లేదు. పైవి తినండి, పైవే కరకరలాడతాయి. అడుగువి వద్దులెండి.

పెట్రోలు వాసనా? చెగోడీల్లోనా? ఛ, మీ భ్రమ. ఈ ట్రుగనీనా ఊళ్లో గాలే అంత.

శకునం బాలేదంటారా? పళ్ల డాక్టరు అయ్యుండి మీరు కూడా శకునాలేంటంకుల్! కాకపోతే మీరు ఐదోవారు, ఆ మాట నిజం. మీకంటే ముందు కొనడానికి నలుగురొచ్చారు, నలుగురి చేతుల్లోనూ మొరాయించింది. ఒకాయన అడిలైడ్ పట్టుకుపోతానన్నాడు. ఒకావిడైతే తన కాఫీ షాపులో అద్దాల వెనక నిలబెట్టి, డిక్కీలో కేకులు పెట్టి అమ్ముతానంది. కేకులు, అంకుల్!

సంజయ్‌కి విసుగొచ్చేసింది. మా పెళ్లప్పట్నుంచీ పాత కార్లు కొని అమ్ముతున్నా ఇలాంటి బండి చూళ్లేదట. ఇవాళ కూడా పోకపోతే సోమవారం విప్పి ముక్కలు ముక్కలుగా అమ్మేస్తానన్నాడు. తలుపులొకళ్లకి, సీటొకళ్లకి. అది విన్నప్పట్నుంచీ నాకు అన్నం దిగట్లేదు.

ఎందుకంటే మాటిచ్చాం అంకుల్. ఒకటి కాదు, రెండు. మొదటిది సంజయ్ ఇచ్చాడు. రెండోది నేనిచ్చాను. నేను కూడా కాదు, నా ఇంగ్లీషు ఇచ్చింది.

ఈ బండి బాకస్ మార్ష్ అనే ఊళ్లో కీత్ గారని, ఒక పెద్దాయనది. ఎనభై మూడేళ్లు. చూపు మసకేసి లైసెన్సు వదిలేశారు. 'దీన్ని ముక్కలు చెయ్యొద్దు, నాకింకేం వద్దు' అన్నారు. సంజయ్ 'నో వర్రీస్' అన్నాడు. ఇక్కడ నో వర్రీస్ అంటే మాటిచ్చినట్టో, దగ్గినట్టో నాకిప్పటికీ తెలీదు. ఏదైతేనేం, చేతులు కలుపుకున్నారు.

నేను నోరు మూసుకుని బండెక్కచ్చు కదా?

ఆయన గేటు దగ్గర ఒక్కరే నిలబడ్డారు. ముందు సీటు చూశారా, పట్టెమంచంలా ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే. చనిపోయిన వాళ్లావిడ మార్జరీ గారు యాభయ్యేళ్లు ఆయన్ని ఆనుకునే కూర్చున్నారట. అందుకే కిటికీ వైపు కొత్తగా ఉంది, మధ్యలో అరిగిపోయింది. మీ పక్కనే, చెయ్యి పెట్టి చూడండి. గుంట తెలుస్తోందా? ఆ గుంటలో కూర్చుని, అలాంటి మనిషిని 'వెళ్తాం' అని ఎలా వదిలేస్తాం?

మా రేపల్లెలో 'వెళ్తాను' అంటే మా నాయనమ్మ గుమ్మంలోంచి వెనక్కి పిలిచి, మంచినీళ్లిచ్చి, సరిగ్గా అనిపించి పంపేది. అందుకని నాకొచ్చిన ఇంగ్లీషులో మర్యాదగా అన్నాను. 'సర్, వుయ్ విల్ గో అండ్ కమ్.'

ఆయన మొహం దీపం పెట్టినట్టయింది. 'వెన్?' అన్నారు.

మనలో ఎవరైనా ఎప్పుడని అడుగుతారా అంకుల్? మీరు పుట్టి బుద్ధెరిగాక ఎవరైనా అడిగారా? ఇంటర్ ఇంగ్లీషు రెండుసార్లు తప్పినదాన్ని, నోటికొచ్చింది అనేశాను. 'సండే.'

ఆదివారం మూడింటికి ఫోను. 'టీకి కెటిల్ పెట్టాను, ఎక్కడిదాకా వచ్చారు?' అని. సంజయ్ నన్నొక చూపు చూశాడు. వెళ్లాం. ఆయనకి ఇస్త్రీ చొక్కా, టై, గేటు దగ్గర కుర్చీ. స్కోన్లని బన్నుల్లాంటివి చేశారు. రాళ్లు. మీ వృత్తికి మంచివి.

తిరిగొచ్చేటప్పుడైనా జాగ్రత్తపడొద్దూ? మళ్లీ అదే అన్నాను! నోరు తిరగదంకుల్, ఏం చెయ్యను? 'సండే?' అన్నారాయన. ఇప్పటికి పద్నాలుగు ఆదివారాలు. ఇప్పుడాయన పోస్టు తెచ్చే అమ్మాయికి కూడా 'గో అండ్ కమ్' అంటున్నారు. ఆ పిల్ల 'అది నా ఉద్యోగమే కీత్' అంటుంది.

వేరే కార్లో వెళ్లొచ్చుగా అంటారా? ఒకసారి వెళ్లాం, మా తెల్ల కార్లో. ఆయన మమ్మల్ని పలకరించి, మా భుజాల మీదుగా రోడ్డు చివరిదాకా చూస్తూనే ఉన్నారు. వెనకాల ఇది వస్తోందేమోనని. 'వుయ్' అన్నాను కదా. ఆ వుయ్‌లో బండి కూడా ఉందన్నమాట.

ఏంటీ? కారు కొంటే ముసలాయన్ని కూడా కొనాలా?

కొననక్కర్లేదంకుల్. ఆదివారం ఒక్క గంట. మీ అమ్మాయి చైత్ర పెళ్లికి పూలు కట్టి ఊరేగించండి, కాదనను. ఆయన్నీ పిలవండి, టై ఉందిగా. పెళ్లయ్యాక గరాజులో దుప్పటి కప్పి ఉంచుతానన్నారే, అదొక్కటే వద్దు.

గోల్ఫా? శనివారం ఆడుకోండి. ఏ వారమో బంతికేం తెలుసు?

తల ఊపుతున్నారే. అది అవునని ఊపడమా, నమలడమా?

మార్జరీ గారు కూడా, ఆయన మాట్లాడకుండా బండేసుకు పోతుంటే ఇంతే ఓపిక పట్టి, ఇక లాభం లేదనుకుంటే ఇంజన్లోంచి చిన్న ముక్క తీసి దాచేసేవారట. బొటనవేలంత, నల్లగా ఉంటుంది. అది లేకపోతే ఎన్ని బ్యాటరీలు తగిలించినా బండి కదలదు. కీత్ గారు ఇల్లంతా వెతికి, అలిసిపోయి, ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే అప్పుడిచ్చేవారట. ప్రేమంటే అదీ! అదెక్కడుంటుందో ఆరో ఆదివారం కీత్ గారే నాకు చూపించారు.

అదిగో సంజయ్. వైర్లు దండలా మెళ్లో వేసుకుని ఎలా వస్తున్నాడో చూడండి. పాపం, ఎంత ఆశో ఆ మొహంలో. ఇప్పుడు కూడా స్టార్ట్ కాకపోతే సోమవారం ముక్కలే. ముక్కలు చెయ్యనని తనిచ్చిన మాట పోతుంది. నా వల్లే పోతుంది.

మీరు అవునన్నా, కాదన్నా... అంకుల్? అడుక్కి వెళ్లిపోయారేంటి? ఇంత డబ్బా ఎప్పుడు ఖాళీ చేశారు? ఆ చేతిలోది... కొరక్కండి! మీ పళ్లు!

మార్జరీ గారు బిస్కెట్ల డబ్బాలో దాచేవారట. మా ఇంట్లో బిస్కెట్లు ఉండవు.

అది చెగోడీ కాదంకుల్. నేనే తీశాను. ఐదుసార్లూ నేనే.