మెట్టు నుంచి కాదు, గోడ నుంచి

సభకు అధ్యక్షత వహిస్తున్న రోడ్ల విభాగం ఇంజినీరు గారికి, ఆయన పక్కన కూర్చుని నా ప్రసంగం ఎంతసేపు సాగుతుందోనని అప్పుడే వాచీ చూసుకుంటున్న మా నీటి విభాగం పెద్ద సారుకి, ఎండనక వాననక నాతో పాటు వాల్వులు తిప్పిన అన్నదమ్ములకి, నేను నీళ్లు వదిలే వీధి నుంచి ఇళ్లకు తాళాలేసుకుని మరీ తరలివచ్చిన అమ్మలకి, అక్కలకి, బావగార్లకి, మొదటి వరుసలో కూర్చుని తక్కువ మాట్లాడమని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకి, అందరికీ నమస్కారం.

(నవ్వులు)

ముప్పై ఒక్కేళ్లు నేను చేసిన ఉద్యోగం ఇంతే. రోడ్డులో ఉన్న ఇనప మూత తీసి, దాని కింది వాల్వు తిప్పి, వీధికి నీళ్లు వదలడం. ఇది ఆఫీసు లెక్క. జనం లెక్క వేరు. కొత్త రోడ్డు పడిన మూడో రోజున గునపం భుజాన వేసుకొచ్చి దాన్ని పగలగొట్టే మనిషిని నేను. పిల్లలు నన్ను గునపం బాబాయి అనే పిలిచారు, ఆ పిల్లలకే ఇప్పుడు పిల్లలు పుట్టి వాళ్లూ అలాగే పిలుస్తున్నారు. కూరగాయల దుకాణం దగ్గర 'రోడ్లు తవ్వేస్తాడే, ఆయన భార్య' అని ఎవరో అంటే, మా ఆవిడ ఆ దుకాణానికి వెళ్లడమే మానేసి రెండు వీధులు చుట్టు తిరిగి కూరలు తెచ్చుకుంది. ఆ కూరలు నేను నోరెత్తకుండా తిన్నాను.

ఇందాక అధ్యక్షుల వారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వేళకి వస్తాడన్నారు, నిజమే. కోపం తక్కువన్నారు, అది మా ఇంట్లో అడగాలి. మూతలు కనిపెట్టడానికి గోడ నుంచి కొలిచే పద్ధతిని తన తెలివితో కనిపెట్టాడు, ఇవాళ అన్ని వీధుల్లోనూ అదే వాడుతున్నాం అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. అయ్యా, ఆ చప్పట్లు నావి కావు. ఎవరివో వాళ్లకి అప్పజెప్పకుండా ఈ వేదిక దిగితే, ఇంటికి వెళ్లాక నాకు అన్నం సయించదు.

ముందు మా రెండు ఆఫీసుల సంగతి చెప్పాలి. రోడ్ల వాళ్లకీ మాకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క గోడ. వాళ్లు తుమ్మితే మేం చిరంజీవ అంటాం. కానీ 'రోడ్డు వేసే ముందు మా మూతలు పైకి లేపండి' అని మేం రాసిన కాగితం ఆ గోడ దాటడానికి నాలుగు నెలలు పట్టేది, అది చేరేలోపు రోడ్డు పడిపోయేది. పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్తది, దాని మీద ఇంకొకటి. గీకి వేయండి సార్ అంటే ఎస్టిమేటులో లేదనేవారు. మా మూతలన్నీ తారు కింద సమాధి. నీళ్లు ఆగితే వీధి ఊరుకుంటుందా? గునపం పట్టుకుని నేను బయల్దేరేవాణ్ణి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ వీధి రోడ్డు నా హయాంలో ఆరుసార్లు వేశారు, ఈ ఆఖరిసారి తప్ప ప్రతిసారీ అది మూడు రోజుల ముచ్చటే. పన్ను కట్టేదీ వీళ్లే, గుంతలో పడేదీ వీళ్లే. ఇంజినీరు గారు కళ్లజోడు సర్దుకుంటున్నారు. మిమ్మల్ని అనడం లేదు సార్, గుమ్మడికాయల దొంగెవరంటే మీరెందుకు భుజాలు తడుముకుంటారు?

(పెద్దగా నవ్వులు)

మూతలు తొమ్మిది. ఏది ఎక్కడుందో ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక పుస్తకంలో రాసుకున్నాను. మిల్లు గేటు స్తంభం నుంచి అయిదడుగులు, మంగలి దుకాణం ముందున్న వేపచెట్టు నుంచి పది, ఇలా. ఎనిమిది మూతలు ఎన్ని పొరల కింద ఉన్నా గునపం వేసిన చోటే దొరికేవి, చిన్న గుంతతో సరిపోయేది. తొమ్మిదోది మాత్రం నాతో దాగుడుమూతలాడింది. అది మూడో వరుసలో కూర్చున్న మన టైలరక్క ఇంటి ముందుంది. పుస్తకంలో 'కింది మెట్టు నుంచి ఎనిమిది అడుగులు' అని నా చేత్తోనే రాసుకున్నాను. కొలిచి తవ్వితే మూత ఉండదు. వెతుక్కుంటూ తవ్వుకుంటూ పోతే ఎక్కడో దొరికేది. దొరికాక మళ్లీ కొలిచి రాసుకోవాలని తోచలేదా అని మీరడగచ్చు. వీధంతా బిందెలతో నిలబడి నా తాతల్ని తలుచుకుంటుంటే, దొరికిందే పదివేలనుకుని నీళ్లు వదిలి వచ్చేసేవాణ్ణి. ఒక్కోసారికీ గుంత పెరిగింది. మొదటిది పీటంత, అయిదోది మంచమంత.

నాలుగో గుంతలో అక్క కాలు జారి పడ్డారు. చీలమండ విరిగింది. రెండు నెలలు మిషను తొక్కలేకపోయారు, అదీ స్కూళ్లు తెరిచే ముందు, ఏడాదంతటికీ పని ఉండే రోజుల్లో. నేను చూడ్డానికి వెళ్లి, రోడ్డు వాళ్లు మూత జరిపేశారక్కా, నేనేం చేయను అన్నాను. అప్పటికి నేనూ అదే నమ్మాను. ఆవిడ రోడ్ల ఆఫీసుకి మూడు అర్జీలు పెట్టారు, నాతో మాట మానేశారు, నా చొక్కాలు కుట్టడం కూడా మానేశారు. అప్పటి నుంచీ ఆరేళ్లుగా నేను రెడీమేడ్ చొక్కాలే వేసుకుంటున్నాను.

అయిదోసారి రోడ్డు వేసినప్పుడు మళ్లీ టేపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అక్క మెడలో తన టేపుతో గుమ్మంలోకి వచ్చారు. నేను మెట్టు నుంచి కొలవడం కాసేపు చూసి, రెండేళ్ల తర్వాత నాతో ఒకే ఒక్క మాటన్నారు.

"చొక్కా కొలత భుజం నుంచి తీస్తారయ్యా, అంచు నుంచి కాదు."

దెప్పుతున్నారనుకుని తల వంచుకుని మంచమంత గుంత తవ్వి వచ్చాను. ఆ సాయంత్రం మా ఆవిడ మనవరాలి గౌను అంచు విప్పి కిందికి దించుతోంది. పిల్ల ఎదిగింది, అంచు మారింది, భుజం భుజం దగ్గరే ఉంది. అప్పుడు వెలిగింది నాకు. అక్క ఇంటికి మొదట్లో ఏడు మెట్లుండేవి. రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిసారీ కింది మెట్టు ఒకటి తారులో మునిగిపోయేది. నేను కింది మెట్టు అనుకుని కొలిచింది దాని పై మెట్టుని. అది అడుగు వెనక్కి ఉంటుంది కదా, నా కొలతా అడుగు వెనక్కి జరిగేది. అయిదుసార్లకి అయిదడుగులు. మెట్లు మునుగుతాయి, గోడ ఎక్కడికి పోతుంది? మర్నాడు టేపు పట్టుకెళ్లి, గోడ నుంచి కొలిస్తే పదిహేనడుగులని రాసుకొచ్చాను.

ఆఫీసులో మాత్రం అది నేనే ఆలోచించానన్నాను. ప్రశంసాపత్రం ఇచ్చారు. హాల్లో మేకు కొట్టి తగిలించాను. రోజూ భోంచేస్తూ దాన్ని చూసి తల దించుకునేవాణ్ణి.

(మూడో వరుస వైపు తిరిగి)

టైలరక్కా, మూత ఎవరూ జరపలేదు. మీ గుమ్మం ముందు అయిదు గుంతలూ నా కొలత తప్పు. మీ కాలు విరిగింది నా వల్ల. ఇంజినీరు గారూ, ఆ మూడు అర్జీలకి మీరు తిన్న చీవాట్లు నావి. ఇద్దరూ నన్ను క్షమించాలి.

ఇక సంతోషం చెబుతాను. ఈసారి రోడ్డు వేసేముందు ఇంజినీరు గారు కాగితం కోసం చూడకుండా గోడ చుట్టి మా గదిలోకి నడిచొచ్చి, ఆ కొలతలేవో ఇవ్వవయ్యా అన్నారు. తొమ్మిది మూతలూ ముందే పైకి లేపించి, తర్వాతే తారు పోయించారు. రోడ్డు పడి ఇవాళ్టికి అరవై రెండు రోజులు. ఎవ్వరూ ముట్టుకోలేదు. నేను రోజూ పొద్దున్నే వెళ్లి, పసిపిల్ల నిద్రపోతుంటే చూసినట్టు చూసి వస్తున్నాను. మొన్న మా ఆవిడ నాతో ఆ వీధిలోంచే కూరలకి వచ్చింది, సంచీ నా చేతికిచ్చి తను ముందు నడిచింది.

నా పుస్తకం రేపటి నుంచి నా పని చూసే చెల్లెమ్మకి ఇస్తున్నాను. మొదటి పేజీలో అక్క మాట రాశాను, కింద అక్క సంతకం కావాలి. ప్రశంసాపత్రం కూడా మేకు పీకి తెచ్చాను, ఇదిగో. అక్కా, ఇది మీది.

(చప్పట్లు. మూడో వరుసలో టైలరక్క లేచి ఏదో అంటారు.)

ఏమంటున్నారక్కా? మైకులో చెప్పమంటారా? సరే. అక్క అంటున్నారు, ఆ కాగితం తనకి అక్కర్లేదట, నేను వేసుకున్న చొక్కాకి రెండు భుజాలూ జారిపోయి ఉన్నాయట, ఇంతసేపూ అదే చూస్తూ కూర్చున్నారట. రేపు పొద్దున కొలతలకి రమ్మంటున్నారు.

(నవ్వులు, చప్పట్లు)

కాసేపు ఆగనివ్వండి, కళ్లలో ఏదో పడింది. మా విభాగం అన్నదమ్ములకి, వీధి వీధంతటికీ, మా ఆవిడకి నా కృతజ్ఞతలు. ఇంకేవో రాసుకొచ్చాను గానీ అవన్నీ మరిచిపోయాను. వస్తానక్కా, రేపు పొద్దున్నే వస్తాను. ఆరేళ్ల తర్వాత మళ్లీ చొక్కా కొలతలకి, గునపం లేకుండా మీ గుమ్మానికి వస్తాను. సెలవు.