అందరికీ ఒకే జావ

సిద్దిపేటలో ఒక వృద్ధాశ్రమం. వంటింట్లో దాని యజమానురాలు చిన్న రోట్లో మందు గోలీలు నూరి రాగిజావలో కలుపుతోంది. అక్కడ ఉంటున్న తల్లి కళ్లు తిరిగి పడిందని తెలిసి బెజ్జంకి నుంచి వచ్చిన కూతురు, ఆ రంగురంగుల పొడి చూసి రోటి దగ్గరికి వచ్చింది.

"అక్కా, అందరి గోలీలు ఒక్కతాననే నూరుతున్నవేంది?"

"ఒక్కొక్కల నోట్లె ఏసుకుంట కూసుంటె నాకు పొద్దుగూకుతది. జావల కలిపితె తెల్వకుంట తాగుతరు."

"ఎవల రోగానికి ఎవల గోలీ? మరి డాక్టర్ రాసిచ్చుడెందుకు?"

"ముసలోళ్ల కడుపుల పడ్డంక ఏదైతేంది చెల్లె? షుగర్‌ది, బీపీది, నిద్రది, అన్నీ మంచి చేసేటియే."

"గందుకేనా మా అవ్వ పడ్డది?"

"అవ్వ మీద గంత పావురముంటె నీ ఇంట్లనే ఉంచుకోకపోయినవ్?"

 కూతురు జావ గిన్నె తీసి యజమానురాలి ముందు పెట్టింది.

"మంచి చేస్తది గదా. నువ్వే ఓ గుక్క తాగు."

"నాకేం షుగరా, బీపీనా? ఏ రోగం లేనోళ్లు తాగితె పానం మీదికొస్తది!"

"మా అవ్వకు మోకాళ్ల నొప్పులు తప్ప ఏ రోగం లేదు."

యజమానురాలు జావ గిన్నెను పక్కకు జరిపింది. కూతురు పక్క గదిలోకి వెళ్లి తల్లిని లేపింది. భుజం ఆసరా ఇచ్చి గేటు దాటించింది.