అతిథికి ఎంత మెమరీ?

పగలు పదిన్నర. కంప్యూటర్ ముందు అల్లుడు, పక్క కుర్చీలో అత్తగారు. వాళ్ళ వెనక మూసి ఉన్న గది తలుపు.

"...అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్ అన్నమాట."

"అంతే అత్తయ్యా. మీ విండోస్ ఎక్కడికీ పోదు. దాని లోపలే లినక్స్ నడుస్తుంది. మీ ఆఫీసు మ్యాపులు అందులో తెరుచుకోవచ్చు."

"కడుపుతో ఉందన్నమాట, పాపం. కానియ్యి."

"ఈ లోపలిదానికి మెమరీ ఎంతిద్దాం? మొత్తం ఎనిమిది జీబీ ఉంది."

"అతిథి కదా, ఆరు ఇచ్చెయ్యి. మర్యాదగా ఉంటుంది."

"ఆరిస్తే మనకి రెండే మిగులుతుంది. ఇల్లే నడవదు."

"ఆహా! వచ్చినవాళ్ళకి ఇంతని ఒక లెక్కుంటుందా అల్లుడుగారూ? మీ తమ్ముడు పెళ్ళాంపిల్లలతో దిగినప్పుడు ఆ లెక్క అటకెక్కిందేం?"

"అత్తయ్యా..."

"నేనేమన్నాను? మెమరీ గురించే అంటున్నా."

"నెల అన్నాడు, అయిదయింది. మీ అమ్మాయి బొమ్మలు వేసుకునే గది వాళ్ళకిచ్చేముందు తనని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు, తను అలిగి ఇక్కడికొచ్చేసింది. ...తను లోపలే ఉందా?"

"తలుపు వేసుంది కదా."

"వింటోందంటారా?"

"గోడలకి చెవులుంటాయంటారు. కాస్త గట్టిగానే మాట్లాడు. ...అయ్యో, ఇదేమిటి! డిస్కంతా చెరిపేస్తానంటోంది! నొక్కకు బాబూ, నా మ్యాపులు!"

"భయపడకండి. అది చెరిపేది మనం దానికిచ్చిన డిస్కునే. ఆ గది దాటి ఇంకో ఇల్లుందని దానికసలు తెలీదు."

"మీ తమ్ముడికన్నా నయం."

"వాడు ఆదివారం వెళ్ళిపోయాడు."

"వెళ్ళాడా? వెళ్తానన్నాడా?"

"వెళ్ళాడండీ! గోడలకి రంగు వేయించాను. వాళ్ళు మంచం కోసం బయట పడేసిన బల్ల మళ్ళీ కిటికీ దగ్గర పెట్టాను. కుంచెలు కడిగాను."

"నువ్వు కడిగావా?"

"బట్టల సబ్బుతో."

"కొంప ముంచావు. ఈ సంగతులు దానికి చెప్పావా?"

"ఫోన్ ఎత్తితేగా! ఎత్తినా నమ్మదు. పోయిన నెలా ఇలాగే వెళ్ళాడని చెప్పాను. మూడోరోజుకి వాడు పెట్టెతో సహా తిరిగొచ్చాడు."

"మరెలా నమ్ముతుంది? నేనైనా నమ్మను. ఇంకా ఎంతసేపు పడుతుంది ఇది?"

"పావుగంట. దానంతటదే అవుతుంది. అత్తయ్యా, ఒక్కసారి తలుపు కొట్టనా?"

"ముందు ఆ పని కానియ్యి."

"ఇదిగో... తలుపు వెనకాల వింటున్నావా? గది ఖాళీగా ఉంది. ఈసారి నిజం. వచ్చి చూడు, చాలు. ఉండమని అడగను. అంటే... అడుగుతాను. కానీ ముందు చూడు. ...పలకదేం అత్తయ్యా?"

"పలకదులే."

"అంత కోపమా?"

"ఉండు, ఫోన్. ...ఆ, చెప్పవే. ఆ... ఆ... ఇక్కడే ఉన్నాడు, నా లినక్స్ సగంలో ఉంది. ...కుంచెలా? సబ్బుతోనట. ...సరే, సరే. చెప్తాలే."

"ఎవరది?"

"లోపల ఎవరూ లేరయ్యా. నువ్విటు వస్తుంటే అది తాళంచెవి పట్టుకుని మీ ఇంటికెళ్ళింది, మీ తమ్ముడు వెళ్ళాడని ఎవరో చెబితే, నువ్వు లేనప్పుడు తన కళ్ళతో చూసుకుంటానని. నిన్ను ఇక్కడ గంటసేపు ఆపమంది, ఇక ఇంటికి పంపించెయ్యమంటోంది."