అమ్మ పెళ్లికి ఏ పాట?

హిందూపురంలో డీజే నడిపే షాకిర్ దగ్గరికి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది.

"అన్నా, పెళ్లికి డీజే కావల్ల."

"ఎవురి పెళ్లిమ్మా? మీ అక్కదా?"

"మా అమ్మది."

షాకిర్ చేతిలోని వైరు కింద పెట్టాడు.

"నాయన పోయి పదేండ్లయింది. మడకశిర ఆయనొకరు అడిగితే, అమ్మను నేనే ఒప్పించినా."

"మంచి పని చేసినావు. అమ్మకు ఎట్లాంటి పాటలిష్టం?"

"తెలీదన్నా. ఇంట్లో ఎప్పుడూ నాకిష్టమైనవే పెడతాది."

"అయితే ఫోన్ చేసి అడుగు."

అమ్మాయి ఫోను కలిపి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నీ పెళ్లిలో ఏ పాట పెట్టమంటావు?"

అవతల నుంచి సన్నగా ఒక కూనిరాగం మొదలైంది.

"మా అమ్మ పాడతాదని నాకే తెలీదన్నా!"

"ఊరికే ఉండమ్మా, పాడనీ," అన్నాడు షాకిర్ మెల్లగా.