అరెస్టయినోళ్ళకే ప్రవేశం

హలో… ఆ, నేనే సార్, ఆనంద్ కుమార్‌నే… నమస్తే త్రినాథరావు సార్…

ఏంది సార్? టీవీల?… ఏ టీవీల?…

ఆ… గా గరిటె పట్టుకున్నోణ్ణి నేనే.

లేదు సార్. లేదు లేదు. నేను సమ్మెల చేరలే. మన సంఘం గూడ చేరలే. జర నా మాట ఇనుండ్రి—

బ్యానర్ మనదే సార్, కాదంటలే. 'యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అని గంత పెద్దగ కనవడుతుంటె ఎట్ల కాదంట? కానీ అది జెండా లెక్క కట్టింది కాదు. పప్పుల దుమ్ము పడకుంట అడ్డం కట్టిన…

ఆ. పప్పుకే.

మొదటికెల్లి చెప్పమంటరా? చెప్త. మీరు కూసోండ్రి. బీపీ గోలి ఏసుకున్నరా?… ముందుగాల ఏసుకోండ్రి.

ఇయ్యాల మన సమ్మేళనం ఫంక్షన్ హాల్ల కద. పొద్దుగాల రక్తదానం, పగటిపూట భోజనాలు, భోజనాలైనంక ప్రెసిడెంటు గారు, అంటె మీరు, మీ ముంగట నా డెమో క్లాసు. ఇంతే కద మనం అనుకున్నది… మల్ల? వంట జంగయ్య బియ్యం, పప్పు, డేగిసాలు అన్ని డీసీఎం బండిల ఏసుకొని ఎల్లిండు. ఎల్బీనగర్ చౌరస్తా కాడ ఆపిండ్రు. సకల జనుల సమ్మె, బండి ఇంచు గూడ కదలదన్నరు. హాలు చూస్తె కండ్ల ముంగటనే ఉన్నది…

మోసుకపోవచ్చు కద అంటరు. నేనూ గదే అన్న. జంగయ్య ఏమన్నడంటె, పచ్చి బియ్యం మోసుడెందుకు, ఈడనే వండి అన్నమే మోసుకపోదాం, టైమన్న కలిసొస్తదన్నడు. నాకు గూడ మంచిగనే అనిపించింది సార్… అప్పుడు.

ఆడ పక్కనే వాళ్ళ వంటావార్పు నడుస్తున్నది. అదే సార్, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, ఆడనే కూసొని తిని నిరసన చెప్పుడు. వాళ్ళ పొయ్యిల పక్కన మనోడు మన పొయ్యి పెట్టిండు. ఇగ చూస్కోండ్రి! చప్పట్లు, డప్పులు… ఎవరో ఒచ్చి నా మెడల కండువా ఏసిండు.

తీసేసిన సార్! తీసిన. ఇంకొకాయన ఒచ్చి మల్ల ఏసిండు.

మైకా?… అది గూడ చూసిండ్రా?

టీవీ ఆయన ఉరికొచ్చి మైకు నోట్ల పెట్టి, 'మీ డిమాండ్ ఏంది' అన్నడు. నేను అప్పటికే పరేషాన్ల ఉన్న. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఉద్యోగం కావాలె అన్న.

నాకు సార్! నా ఒక్కనికి! మీ కోచింగ్ సెంటర్ల!… ఆయన నా బొమ్మ కింద 'లక్ష కొలువులు ఇయ్యాల్సిందే' అని ఏసుకుంటె నేనేం చేద్దు?

సార్… సార్. నా కొలువు శ్రీకర్‌కు ఇస్తనన్న మాట ఎత్తకుండ్రి. మీ మేనల్లుడే, కాదంటలే. కానీ ఇయ్యాల నా డెమో చూసి, నచ్చితె సోమవారం కెల్లి తీసుకుంటనన్నది మీరే. మాటంటె మాటే కద… మీకు ఎరుకే కద, జ్యోతి వాళ్ళ నాయిన ఏమన్నడో. ఉద్యోగం ఖాయమైతెనే ఆదివారం చర్చిల మా పెండ్లి ప్రకటన చదివిస్తనన్నడు. నోటిఫికేషన్ పడుతది, పడుతది అనుకుంట రెండేండ్లాయె. పాస్టరు గారు నన్ను జూసి తల దించుకొని పోతున్నడు సార్. నేను దించుకోవాల్సింది పోయి ఆయన దించుకుంటున్నడు.

ఇప్పుడా? ఇప్పుడే పొయ్యి ఆర్పి రావాల్నా?… నేను ఆర్పుత సార్. మేడం ఆర్పనియ్యరు.

ఏ మేడం అంటె… హనుమాయమ్మ మేడం. మీ ఇంట్ల మేడమే సార్!

కర్మన్‌ఘాట్ గుడికని చెప్పిండ్రా? పోయిండ్రు సార్, అబద్ధం కాదు. దండం పెట్టుకొని, అటుకెల్లి అటే డీసీఎం ఎక్కిండ్రు. జంగయ్య పులిహోరల చింతపండు పీనాసిగ ఏస్తడని… మీకు చెప్పలేదా?

టీవీల చూడుండ్రి, ఎర్రంచు చీర. ఈరమ్మ పక్కకు… ఈరమ్మ అంటె ఈ బస్తీ ఆమెనే, సమ్మె పొయ్యిలన్నిటికి పెద్ద. ఇద్దరికి గంట సంది లడాయి నడుస్తున్నది.

తెలంగాణ గురించి కాదు సార్. పులిహోరల ఆవపిండి కలుపాల్నా, నువ్వుల పొడి కలుపాల్నా అని. ఇద్దరు తగ్గుత లేరు. నడుమ గరిటె నా చేతికిచ్చిండ్రు.

ఇస్తనుండ్రి… మేడం, సార్ లైన్ల ఉన్నరు…

తీసుకోరంట సార్. చేతులకు పసుపంట. మీరు అడిగితె చెప్పమంటున్నరు, 'ఎసరు మరుగుతుంటే పొయ్యి వదిలేసి రావడానికి నాకేమన్నా మతిపోయిందా? పెరుగన్నం కలిపి పెట్టాను, తిని పడుకోమని చెప్పు' అంట… గట్లనే అన్నరు, నేనేం కలుపలే.

సార్, ఒక్క నిమిషం. పోలీసులు… ఆగుండ్రి సార్, నేను వాళ్ళతోని కాదు, నేను సంఘం సెక్రటరీని— మీకు కాదు సార్, ఎస్సై సార్‌కు చెప్తున్న… ఏ సంఘం అంటున్నడు… యూనివర్సిటీ సంఘం సార్—

అయ్యయ్యో.

యూనివర్సిటీ అనకుంటె బాగుండు సార్. అది ఇనంగనె, 'వీణ్ణే ముందుగాల ఎక్కియ్యుండ్రి' అంటున్నడు. ఫోన్ పెట్టకుండ్రి… చేయి ఇడువు అన్నా, ఎక్కుతున్న కద, ఎక్కుతున్న—

హలో… ఉన్నరా?… వ్యాన్ల ఉన్న సార్. అందరం ఉన్నం. మేడం గూడ.

ఎందుకు ఆపలేదంటరేంది, ఆపినం! పోలీసోళ్ళే చెప్పిండ్రు, 'మీరు ఆంధ్రామె లెక్క ఉన్నరు, మీరు దిగుండమ్మా' అని. 'నా పులిహోర ఎక్కించారు కదా, నేనెందుకు దిగుతాను' అన్నరు… అవు సార్, డేగిసాలు గూడ ఎక్కించిండ్రు. పులిహోర అరెస్టు, పప్పు అరెస్టు. జంగయ్య ఏడుస్తున్నడు, సాంబార్ ఆడనే ఉండిపోయిందని.

కొట్టుడు గిట్ట ఏం లేదు, మీరు రంది పెట్టుకోకుండ్రి. కానిస్టేబుల్ సార్ లేచి మేడంకు సీటిచ్చిండు.

ఏ స్టేషనో తెల్వది… అడిగిన, స్టేషన్లన్ని నిండినయంట. ఏదో ఫంక్షన్ హాల్ల పెడుతరంట… మలుపు తిరిగింది… సార్…

సార్! మన హాలే!

మనదే సార్! మనం మాట్లాడుకున్న హాలే! పోలీసోళ్ళు గూడ పొద్దుగాల్నే గిదే తీసుకున్నరంట. మేనేజర్ గేటు కాడ చేతులు నలుపుకుంట నిలవడ్డడు, 'బంద్ కద, మీరు రారనుకున్న' అంటున్నడు… ఎందుకు రాము, బండి పెట్టి మరీ తోలుకొచ్చిండ్రు అన్న.

లోపలికి ఒచ్చినం. మనం కట్టిన స్వాగత తోరణం కిందికెల్లే ఒస్తున్నరు సార్ అరెస్టయినోళ్ళు. మనం మాట్లాడిన అమ్మాయి పన్నీరు చల్లుతున్నది. ఆమెకేం తెలుసు పాపం, ఎస్సై సార్‌కు గూడ చల్లింది.

మనోళ్ళా? మనోళ్ళందరు ఒచ్చినట్టే సార్! పోయినసారి ఏసీ హాల్ల పెట్టి, ఇంటింటికి తిరిగి పిలిచినా ముందు వరస నిండలే. ఇయ్యాల పోలీసోళ్ళు ఏ చౌరస్తాకు పోయినా మన పూర్వ విద్యార్థులే దొరుకుతున్నరు. కుర్చీలు సాలుత లేవు.

రక్తదానం… అది గూడ అయితున్నది. డాక్టరమ్మ పొద్దుగాల సంది ఒక్కతే కూసున్నదంట. వీళ్ళు 'రక్తం ధారపోస్తం, తెలంగాణ సాధిస్తం' అనుకుంట లోపలికొస్తుంటె, పాపం ఆమె సూది పట్టుకొని లేచింది…

ఏమైతది? నినాదం మార్చిండ్రు. లే లే, ఈరమ్మ పోయి చేయి సాపింది. ఆమె ఇయ్యంగనె మొగోళ్ళందరు సిగ్గుకు లైన్ కట్టిండ్రు.

ఇగ మిగిలింది నా డెమోనే సార్. బోర్డున్నది, చాక్‌పీసున్నది, మైకున్నది. నదుల పాఠం అనుకున్న గానీ, నదులంటె నీళ్ళ పంచాయతీ మొదలైతది ఈడ. జిల్లాలు అసలే ఒద్దు. ఋతుపవనాలు చెప్త. గాలి మీద ఎవ్వరికి పేచీ ఉండదు… గేటు కాడి కానిస్టేబుల్ సార్లు గూడ కాగితం, పెన్ను పట్టుకొని కూసున్నరు, ఎస్సై పరీక్ష రాస్తరంట. ఫోన్ బోర్డు కాడ పెడుత, మీరు ఇనుండ్రి.

ఇంటె సాలదా?… చేతిరాత చూడాల్నా. పిల్లల కండ్లల్లకు చూసి చెప్తనో లేదో చూడాల్నా… మల్ల సోమవారం శ్రీకరేనా సార్?

అట్లయితె మీరే రాండ్రి.

ఉండుండ్రి, గేటు కాడ అడుగుత… ఎస్సై సార్, మా ప్రెసిడెంటు కొత్తపేట కెల్లి ఒస్తరంట, జర రానిస్తరా…

కుదరదంట సార్. అరెస్టయినోళ్ళకే ప్రవేశం అంటున్నడు.

గదే సార్ నేను చెప్పేది. మీరు అరెస్టు కావాలె.

హలో… హలో? పెట్టేసిండ్రా?… ఉన్నరా. తమాషకు అంటలే సార్. మీ సందు మొగదల గూడ పోలీసు వ్యాన్ ఉన్నదంట, చూడుండ్రి, దాంట్ల ఎక్కినోళ్ళనందర్ని ఈడికే తెస్తున్నరు. నడుచుకుంట పోయి, దాని ముంగట నిలవడి, ఒక్క మాట అంటె అయిపాయె.

ఏ మాటనా… మీకు తెల్వదా? దినాం మీ కిటికీ కింద ఇనవడేది గదే కద.

…

నిజమే సార్… నిజమే. మీ బాధ నాకు తెల్సు. బందరు కెల్లి ఒచ్చి, ఈడనే ఇల్లు కట్టుకొని, ఈడి పోరగాండ్లకే పాఠాలు చెప్పి… రేపు ఏమైతదో అని మీకు భయం. రేపు గూడ ఏం కాదేమో అని నాకు భయం. ఇద్దరం భయపడేటోళ్ళమే సార్… మీరు నమ్మి అనాల్సిన పని లేదు. బస్ టికెట్ తీసుకున్నట్టు అనుకోండ్రి.

ఒస్తరా?… సార్, మీ కాళ్ళు మొక్కుత. చెప్పులేసుకోండ్రి… టై ఒద్దు సార్! టై కట్టుకుంటె ఎవ్వడు అరెస్టు చెయ్యడు.

ఒచ్చిండ్రా వ్యాన్ కాడికి? అనుండ్రి ఇగ…

గంత మెల్లగనా? చెవుల పెట్టుకున్న నాకే ఇనవడలే… ఏమంటున్నడు కానిస్టేబుల్?… 'పాలప్యాకెట్ దుకాణం ఎన్క సందుల తెరిచున్నది, పోండ్రి' అన్నడా… అడగంది అమ్మయినా పెట్టది సార్. గట్టిగ అడుగుండ్రి. పిడికిలి ఎత్తుండ్రి… ఫోన్ ఎడమ చేతిల పట్టుకోండ్రి మరి.

జై అని ఆగొద్దు! జై అని ఆగితె గుడికి పోయేటాయన అనుకుంటరు… అనుకున్నడా? కర్మన్‌ఘాట్‌కు బస్సులు లేవన్నడా?

ఏంది మేడం?… సార్, మేడం చెప్పమంటున్నరు, 'అరవడం చేతకాకపోతే, కాఫీలో పంచదార తక్కువైనప్పుడు నా మీద అరుస్తారే, అలా అరవమను' అంట. ఇగ మీ ఇష్టం… రోట్ల తలపెట్టినంక రోకటి పోటుకు భయపడితె ఎట్ల సార్… ఊపిరి పీల్చుకోండ్రి… ఆ… ఆ…

సార్!! ఇనవడ్డది! హాలంత ఇనవడ్డది, నా ఫోన్ మైకు కాడ పెట్టిన! చప్పట్లు ఇనవడుతున్నయా? ఈరమ్మ ఈల ఏస్తున్నది! మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకొని… నవ్వుతున్నరో, ఏడుస్తున్నరో గానీ… సార్?

సార్? హలో?…

ఎవరు?… ఆ, కానిస్టేబుల్ సారా. నమస్తే సార్… లేదు సార్, పిచ్చోడు కాదు. మంచిగనే ఉన్నడు. తాగుడు గిట్ట లేదు, బీపీ గోలి ఒక్కటే. మా సంఘం ప్రెసిడెంటు… అవు సార్, ఆంధ్రాయననే. అయితేంది, మీ చెవులతోని మీరే ఇన్నరు కద?… ఎక్కించుకోండ్రి సార్, మీకు పుణ్యముంటది. మా మనిషే… మా మనిషే అంటున్న కద సార్, నాది పూచీ.

నేనా?…

నేను… ఆయన సెంటర్ల లెక్చరర్‌ను సార్. జాగ్రఫీ చెప్త.

నమ్మకుంటె ఆయన్నే అడుగుండ్రి…

…

అడిగిండ్రా?…

…

ఏమన్నడు?…

అవునన్నడా?… సార్, జర… ఇంకొక్కసారి అడుగుండ్రి. నా కోసం సార్, మీ తమ్మునోలె అనుకోండ్రి… ఎప్పటికెల్లి అని అడుగుండ్రి…

…

'సోమవారం కెల్లి' అన్నడా…

లే సార్. ఏడుస్తలే. ఫోన్ల గట్ల ఇనవడుతది… ఎక్కిండా? మోకాళ్ళ నొప్పులున్నయి సార్ ఆయనకు, జర కిటికీ పక్కకు కూసోబెట్టుండ్రి… ఆ… ఆ… మంచిది. ఉంట సార్, పెట్టేస్తున్న. క్లాసుకు టైమైంది నాకు.