రెండు పాయింట్ల తెలుపు

హలో… ఆ, స్టూడియో నుంచి నేనేనండి. చెప్పండి మేడం, ప్రదర్శనకి ప్రింటు చేసిన ఫోటో బోర్డులు హాలుకి చేరాయా?…

నలభయ్యీ చేరాయి కదా. మరి గొంతేంటి అలా ఉంది?…

తెల్లగానా? ఎవరు?…

అందరూనా! అవునండీ, నేనే చేశాను. ఒక్కో ముఖానికీ రెండు పాయింట్లు తెలుపు పెంచాను. మీరు అడక్కపోయినా. దానికి విడిగా బిల్లు కూడా వెయ్యలేదు —

…అరవకండి మేడం. ముందు నా మాట వినండి. ఇరవై రెండేళ్ల కిందట ఈ కొట్టు తెరిచినప్పుడు నా దగ్గరున్నది పాత కెమెరా ఒకటి, వెనక కట్టే నీలం గుడ్డ ఒకటి, కూర్చోడానికి స్టూలు. అంతే. పక్క వీధిలో నాకంటే పెద్ద స్టూడియో. అయినా జనం నా దగ్గరికే ఎందుకొచ్చారు? నా దగ్గర ఫోటో దిగితే ఒక ఛాయ తెల్లగా వస్తారని! ఇన్నేళ్లలో ‘నన్ను ఉన్నట్టే తియ్యి’ అన్నవాడు ఒక్కడు లేడు.

…

చూడకపోవడమేంటండీ? జాతుల మీదా రంగుల మీదా మీరు తీసిన డాక్యుమెంటరీ ఆరు భాగాలూ ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. రెండో భాగంలో మా ఆవిడ ఏడ్చింది కూడా. అందుకే కదండీ! అంత మంచి కార్యక్రమం మీద అభిప్రాయాలు రాసిన ప్రేక్షకులు, గోడ మీద అందంగా ఉండొద్దూ?

…ఎవరూ? హాలు ఊడ్చే ఆయనా?… ‘వీళ్లంతా ఒకే కుటుంబమా’ అన్నాడా! చూశారా, మీరు చెప్పిందీ అదేగా —

సరే, సరే. నవ్వనులెండి.

ఏ బోర్డు? పదిహేడా? ఉండండి, కంప్యూటర్లో తీస్తాను… ఆ, నర్సమ్మగారు. ఏం రాశారావిడ? చదవండి…

‘నా రంగు చూసి ముగ్గురు ఇంటివాళ్లు గది అద్దెకివ్వలేదు. మూడో భాగంలో నన్ను నేనే చూసుకున్నాను.’

…పాపం.

కింద ఫోటోనా?… ఆ. చూస్తున్నా.

…ఈ ఫోటోకైతే ఊరంతా గది ఇచ్చేస్తుంది. ఎగతాళి కాదు మేడం. ఇప్పుడే నా కంటికీ ఆనింది.

ఆవిడ అక్కడికొచ్చి, తన బోర్డు ముందే నిలబడి ‘నాదెక్కడుంది’ అని అడిగిందా?… అయ్యో.

అంటే… కాకి పిల్ల కాకికి ముద్దని — ఛీఛీ, ఆవిణ్ణి అనలేదండీ! సామెత! నోరు జారింది. స్పీకర్ గానీ పెట్టలేదు కదా?…

పెట్టారా. నమస్కారమమ్మా.

…నవ్వుతున్నారు. నయం.

…ఆ, చెప్పండమ్మా…

…ఈ ఫోటో మెడలో వేసుకుని వెళ్లి గది అడగాలా అంటున్నారా?

…బాగుచేశాననుకున్నానమ్మా.

…లేదమ్మా. బాగుచెయ్యడానికి మీ ముఖంలో పాడైనదేం లేదు. ఒప్పుకుంటున్నా. మీ ఫోటోనే మొదట ప్రింటు కొట్టి, నా చేత్తోనే తెచ్చి తగిలిస్తాను.

మేడం, తలుపులు తెరిచేది నాలుగింటికే కదా? మీరు పంపిన అసలు ఫోటోలు భద్రంగా ఉన్నాయి. కాగితం నాదే, సిరా నాదే, తప్పూ నాదే. మూడున్నరకల్లా నలభయ్యీ…

ముప్పై తొమ్మిదేమిటండీ? నలభై కదా?…

ఒకటో నంబరా? అదెవరిదీ… ఓహో, మీదే! నిర్మాతగారి ముందుమాట. దాన్నీ మారుస్తాను, ఎంతసేపు —

వద్దా?

…కొంచెం గట్టిగా చెప్పండి, వినబడటం లేదు. స్పీకర్ తీసేశారా? మంచిపని చేశారు…

ఊఁ… ఊఁ… లైట్లు సరిగ్గా పడని రోజు తీసిన ఫోటోనా… అర్థమైందండీ. అలాగే ఉంచేద్దాం. దాని మీద ఏం రాసుందీ, ‘మనిషి రంగు మనిషి కాదు’ అనేగా? బాగా కుదిరింది.

ఛ, నేనెవరితో అంటానండీ! నా వ్యాపారం ఇలాంటి గుట్ల మీదే కదా నడిచేది.

నాకేం నష్టం లేదు మేడం. ముప్పై తొమ్మిది మీ డాక్యుమెంటరీకి, ఒకటి నా కొట్టుకి. గిట్టుబాటైంది. ఉంటాను.