తెగని బెల్టు

వాడిన కార్లు అమ్మే షెడ్డు. పక్కపక్కనే రెండు చిన్న ఎస్‌యూవీలు, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. భార్య, భర్త, షెడ్డు యజమాని.

"అమ్మా, అంత గట్టిగా గుంజితే బెల్టు రాదు. పట్టేస్తుంది. మెల్లగా లాగండి."

"పట్టెయ్యాలనే గుంజుతున్నానన్నా. తెల్లదానిది వెంటనే పట్టేసింది. ఎర్రదానిది కాస్త ఆలోచించి పట్టింది."

"మళ్ళీ బెల్టేనా? పొద్దుట్నుంచి నాలుగు షెడ్లు తిరిగాం. ఒక్కచోటైనా ఇంజన్ సంగతి అడిగావా నువ్వు?"

"ఇంజన్ మీరు చూసుకోండి. బెల్టు నేను చూసుకుంటాను."

"సార్, ఎర్రది మైలేజీలో మేలు. తెల్లదానికి డిక్కీ పెద్దది, గుంతల్లో దిగినా అడుగు తగలదు. రెండూ డాక్టర్లు వాడిన బళ్ళే."

"అన్ని షెడ్లలోనూ డాక్టర్ల బళ్ళే ఉన్నాయండీ. పాపం వాళ్ళు ఆసుపత్రికి నడిచి పోతున్నట్టున్నారు."

"అన్నా, ఈ పట్టీ ఎంత దెబ్బకి తెగుతుంది?"

"తెగడమేంటమ్మా? బండి తుక్కయినా పట్టీ తెగదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని నాది. లారీ కింద నలిగినవి కూడా తెచ్చి విడగొట్టి అమ్మాను. తెగిన పట్టీ ఒక్కటీ చూళ్ళేదు."

"మాది తెగింది."

"ఆయనకెందుకు అవన్నీ? పద, ఎర్రదాంట్లో ఒక రౌండు వేసొద్దాం."

"చెప్తే తప్పేముందండీ? మా పెద్దాడన్నా. తొమ్మిదేళ్ళు. ఆ రోజు ఈయన పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. ఆగి ఉన్న ట్రాక్టరుని గుద్దుకున్నారు. ఈయనకి భుజం కమిలింది, అంతే. వాడి పట్టీ తెగిపోయింది. వాడు పోయి పధ్నాలుగు నెలలైంది."

"అయ్యో. నాకు తెలీదమ్మా."

"ఇప్పుడు చిన్నదాన్ని బడికి పంపాలి. తెగనిది కావాలి నాకు. రంగేదైనా సరే."

"ఎర్రది తీసుకుందాం. సంతకం పెట్టేసి పోదాం."

"ఎర్రదెందుకండీ?"

"మైలేజీ ఇస్తుందిగా. ఎందుకేంటి?"

"ఒక్క మాట సార్. బెల్టు పెట్టుకోకపోతే ఎర్రది కాసేపు మోగి ఊరుకుంటుంది. తెల్లది పెట్టుకునేదాకా ఊరుకోదు. అమ్మగారి భయానికి తెల్లదే సరి."

"తెల్లదానితో తలనొప్పండీ. సీటు మీద కూరల సంచి పెట్టినా మనిషనుకుని మోత మోగిస్తుంది."

"మీకెలా తెలుసు? మన పాత బండి ఎప్పుడూ మోగలేదే."

"పాతది పాతదే. దానికా చప్పుడు లేదు."

"ఏ బండి సార్ మీది?"

"పోయినదాని సంగతి ఇప్పుడెందుకండీ?"

"ఈ తెల్లదే అన్నా, దీనికి ముందొచ్చిన మోడలు. బూడిద రంగుది."

"దానికీ చప్పుడుందే సార్. ఊరంతా వినబడేలా మోగుతుంది."

"మాదాంట్లో పాడైంది. ఏదో వైరు. బాగు చేయించలేదు."

"ఇందాక అసలు లేదన్నారు."

"లేదో, పాడైందో. అన్నీ గుర్తుంటాయా నాకు? తాళాలివ్వండి, ఆలస్యమవుతోంది."

"చప్పుడుకి భయపడకండి సార్, దానికి మందుంది. అడిగినవాళ్ళందరికీ ఊరికే ఇస్తాను. ఇదిగో. బెల్టు చివర ఉండే ఇనపముక్క లాంటిదే. దీన్ని సీటు పక్కన బెల్టు దూర్చే గాట్లో గుచ్చితే బెల్టు పెట్టుకున్నారనుకుని బండి నోరు మూసుకుంటుంది. కూరల సంచి పెట్టినప్పుడు గుచ్చండి, పాప కూర్చుంటే తీసెయ్యండి."

"అక్కర్లేదు. లోపల పెట్టండి."

"డబ్బులేం వద్దు సార్."

"అక్కర్లేదన్నాగా."

"ఏదీ అన్నా, నాకోసారి చూపించండి."

"నువ్వు బండి దిగు. ఇంకో రోజు వద్దాం. దిగమంటున్నానా?"

"దీనికి పట్టీ ఏది అన్నా? తెగిపోయిందా?"

"దీనికి మొదట్నుంచీ ఉండదమ్మా. పట్టీ దూర్చడానికి సందే లేదు, చూడండి. వేలు కూడా పోదు."

"ఆ హ్యాండ్‌బ్యాగ్ ఇలా ఇవ్వు. నేను పట్టుకుంటాను."

"వద్దు."

"ఇవ్వమంటున్నాను. ఇంటికెళ్ళాక అంతా చెప్తాను. ఒట్టు. ఇక్కడ తీయకు."

"అన్నా, ఈ ఇనపముక్క చూడండి. వాడి జోళ్ళతో పాటు పోలీసులు ఇచ్చారు. తెగిన బెల్టు తాలూకు ముక్క అని ఈయన చెప్తే, పధ్నాలుగు నెలలుగా గుప్పిట్లో పెట్టుకుని పడుకుంటున్నాను."